సోహో కాసులా, మద్రాసు వెండా, కలకత్తా రూపాయలా? నెల్లూరు సీమలో నాణేల సేకరణ మొదలుపెట్టేవారికి

మనం నేడు ధనమనే అర్థంలో వాడే డబ్బు, కాసు, రూక, దుడ్డు అనే మాటలు ఒకప్పుడు చేతిలో పట్టుకోదగిన లోహపు బిళ్లల పేర్లు. వాటిలో డబ్బును, కాసును కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వారి కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర ఆవిరితో నడిచిన సోహో అనే టంకశాల అచ్చువేసి, ఓడలకెక్కించి మన తీరానికి పంపింది. నెల్లూరులోనో, కావలిలోనో, ఒంగోలులోనో పాత నాణేలు పోగుచేద్దామని సంకల్పించినవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: దేనితో మొదలుపెట్టాలి? రాజు బొమ్మను బట్టి, లోహాన్ని బట్టి, అరుదును బట్టి ఎంచుకునే పద్ధతులు ఉన్నాయి గాని, ఏ యంత్రం కింద ఆ నాణెం పుట్టింది, పుట్టిన తర్వాత మన ఊళ్ల చేతుల్లోకి వచ్చిందా లేదా అన్న రెండు సంగతులను బట్టి ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ కొలమానంతో చూస్తే మనవంటివారికి అందుబాటులో ఉన్న దారులు నాలుగు: సోహో టంకశాల రాగి కాసులు, మద్రాసు టంకశాల వెండి నాణేలు, 1835 తర్వాత కలకత్తా, బొంబాయి టంకశాలల నుంచి వచ్చిన రూపాయలు, హైదరాబాదు టంకశాల నాణేలు. ఈ నాలుగూ సమానమైనవి కావు. కాబట్టి నేను వీటికి సమానంగా చోటు ఇవ్వబోవడం లేదు.

సోహో యంత్రం, దాని కాసులు

ఆవిరి యంత్రం పేరు చెప్పగానే జేమ్స్ వాట్ గుర్తుకు వస్తాడు. ఆయన వ్యాపార భాగస్వామి మాథ్యూ బౌల్టన్ 1788 ప్రాంతంలో తన సోహో కర్మాగారంలో ఆవిరి శక్తితో నాణేలు కొట్టే టంకశాలను నెలకొల్పి, ఆ యంత్రానికి 1790లో పేటెంటు పొందాడు. అంతకు ముందు నాణెం కొట్టడమంటే రెండు అచ్చుల మధ్య బిళ్లను ఉంచి సుత్తితో మోదడం, లేదా మనుషులు బరువైన పిడులు పట్టి తిప్పే మర ప్రెస్సుతో అదమడం. మనుషుల బలం మీద ఆధారపడిన పనిలో ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా పడుతుంది. బిళ్ల అంచు ఇష్టం వచ్చినట్టు పరుచుకుంటుంది. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది అయితే సగం అక్షరాలు బయటే ఉండిపోతాయి. బౌల్టన్ ప్రెస్సులను ఆవిరి యంత్రం ఒకే బలంతో, ఒకే లయతో నడిపేది. బిళ్ల చుట్టూ ఉక్కు కట్టు ఉండడం వల్ల, అచ్చు దిగినప్పుడు రాగి పక్కలకు పాకకుండా కట్టు లోపలే నిండి, ప్రతి నాణెమూ ఒకే వ్యాసంతో గుండ్రంగా బయటపడేది. దొంగ నాణేలు చేసేవారికి ఇదే పెద్ద అడ్డంకి అయింది. ఎందుకంటే అసలు నాణేలన్నీ ఒకే కొలతలో ఉంటే, కొలత తప్పిన నకిలీని కొట్టువాడు కూడా కనిపెట్టగలడు.

ఈ యంత్రం నుంచి మన ప్రాంతానికి సంబంధించి వచ్చిన నాణేలు ముఖ్యంగా రెండు తరాలవి. మొదటి తరం 1794, 1797 సంవత్సరాలవి. ఉత్తర సర్కారులు అనే కోస్తా సీమ కోసం చేసిన ఆ రాగి నాణేల మీద రూపాయికి నలభై ఎనిమిది అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. సగం విలువ దానిమీద తొంభై ఆరు అని ఉంటుంది. పెద్దది సుమారు 13 గ్రాములు తూగుతుంది. ఒకవైపు కుంఫిణీ వారి రాజచిహ్నం, రెండోవైపు హృదయాకారంలో గీసిన వ్యాపార ముద్ర ఉంటాయి. సేకర్తలు దీనిని నేటికీ డబ్బు అనే అంటారు. గుంటూరు సర్కారు 1788లో కుంఫిణీ చేతికి వచ్చింది కాబట్టి, ఆ సర్కారు పల్లెలకు ఈ నాణెం పరాయిది కాదు. నెల్లూరు సంగతి వేరు. అప్పటికి ఇది ఇంకా ఆర్కాటు నవాబు సీమ.

రెండో తరం కాసులే నెల్లూరుకు అసలు సంబంధించినవి. 1801లో కర్ణాటక నవాబు, అంటే ఆ ఆర్కాటు నవాబు పాలన ముగిసి నెల్లూరు నేరుగా కుంఫిణీ ఏలుబడిలోకి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే, 1803 అన్న సంవత్సరంతో, మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) కోసం సోహోలో ఒక కాసు, అయిదు కాసులు, పది కాసులు, ఇరవై కాసులు కొట్టారు. ఇరవై కాసుల బిళ్ల సుమారు 9.3 గ్రాములు తూగి, 30 మిల్లీమీటర్లకు కాస్త పైన వెడల్పు ఉంటుంది; పది కాసుల బిళ్ల అందులో సగం బరువు. ఒకవైపు సింహాలు అటూ ఇటూ నిలిచిన కుంఫిణీ రాజచిహ్నం, సంవత్సరం ఉంటాయి. రెండోవైపు ఇరవై కాసులు నాలుగు ఫలూసులకు (ఫలూసు అంటే రాగి నాణెం) సమానమని పారశీకంలో రాసి, దాని కింద రోమన్ అంకెలలో విలువ వేశారు. ఒక కాసు నాణెం మాత్రం గ్రాము కూడా తూగదు. వేలి గోరంత ఉండే ఆ బిళ్ల మీద చిన్న సింహం బొమ్మ ఉంటుంది, అద్దం లేనిదే దాని ముఖం కనిపించదు. అప్పటి లెక్కలో ఎనభై కాసులు ఒక రూక, నలభై రెండు రూకలు ఒక నక్షత్ర వరహా అనే బంగారు నాణెం. మన ముత్తాతలు సంతలో ఇటువంటి లెక్కలను నోటితో వేసేవారు, మనం మాత్రం కాగితం తీయాలి.

రాగి విషయంలో ఒక చిన్న ముచ్చట. ఉదయగిరి ప్రాంతంలోని గరిమెనపెంటలో పాత రాగి గనుల ఆనవాళ్లు ఉన్నాయి. అంత దగ్గరలో రాగి ఉండగా, అక్కడెక్కడో ఇంగ్లండులో తవ్విన రాగి సముద్రాలు దాటి నెల్లూరు బజారులో చిల్లరగా చెల్లడం యంత్రానికి ఉన్న బలాన్ని తెలియజేస్తుంది.

నేల మీద అరిగిన కాసా, సముద్రంలో మునిగిన కాసా?

సోహో కాసులనే ఎంచుకున్నవారికి అసలు చిక్కు ఇక్కడ ఎదురవుతుంది. 1808 అన్న సంవత్సరంతో పది, ఇరవై కాసులను మళ్లీ కొట్టి ఓడల మీద పంపారు. వాటిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ మద్రాసుకు బయలుదేరి, ఇంగ్లండు తీరం దాటక ముందే, 1809 జనవరిలో గాలివానకు గుడ్‌విన్ ఇసుక తిన్నెల మీదికి కొట్టుకుపోయి మునిగింది. పీపాలలో నింపిన రాగి కాసులు టన్నుల కొద్దీ దానితోపాటు అడుగుకు చేరాయి. 1980ల నడుమ ఈతగాళ్లు వాటిని లక్షల సంఖ్యలో వెలికితీశారు. నేడు మంచి స్థితిలో దొరికే 1808 కాసులలో ఎక్కువ భాగం ఆ పీపాలవే. వీటిని పెట్టెలో పెట్టి, ఓడ పేరు వేసిన ధ్రువపత్రంతో అమ్ముతారు.

కాబట్టి మీ ముందు ఒకే యంత్రం కొట్టిన, ఒకే బొమ్మ ఉన్న రెండు కాసులు ఉంటాయి. మొదటిది 1803 నాటిది: సింహాల ముఖాలు అరిగి, అంచు నున్నబడి, ముదురు గోధుమరంగు తిరిగి ఉంటుంది. రెండోది 1808 నాటిది: పీపా నడిమధ్యలో ఉన్నదైతే గీత గీతా స్పష్టంగా, దాదాపు నిన్న కొట్టినట్టు ఉంటుంది, పీపా అంచున ఉన్నదైతే ఉప్పునీరు తిని గుంటలు పడి ఉంటుంది. నాణేల శాస్త్రం ప్రకారం, స్పష్టత ఎక్కువ ఉన్న నాణేనికే విలువ ఎక్కువ. యంత్రం పనితనాన్ని కళ్లారా చూడాలనుకునేవారికి పీపా నడిమి 1808 కాసును మించినది లేదు. అచ్చు ఎంత లోతుగా దిగిందో, ఉక్కు కట్టు అంచును ఎంత నిటారుగా నిలబెట్టిందో అందులోనే తెలుస్తుంది. బడిపిల్లలకు చూపడానికీ, కథ చెప్పడానికీ అదే బాగుంటుంది.

అయినా నేను మొదట కొనమనేది అరిగిన 1803 కాసునే. మునిగిన కాసు ఎప్పుడూ చెల్లని కాసే. మద్రాసు కోసం పుట్టి మద్రాసు చూడలేదు. దానితో ఎవరూ ఉప్పు కొనలేదు, ఎవరూ పన్ను కట్టలేదు. అరిగిన కాసు అరుగుదలే దాని చరిత్ర. ధర కూడా సాధారణంగా దానికే తక్కువ. అయితే ఒక షరతు: సంవత్సరం, విలువ, పారశీక అక్షరాలలో కనీసం సగం స్పష్టంగా కనబడాలి. ఏమీ కనబడని రాగి బిళ్లను చరిత్ర పేరుతో ఎవరైనా అంటగట్టబోతే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి.

సముద్రపు కాసు కొంటే మరో జాగ్రత్త అవసరం. ఉప్పునీటి లవణాలు రాగిలో మిగిలిపోయి ఉంటే, మన కోస్తా తేమకు కొన్నాళ్లకు దాని మీద పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు బయటపడతాయి. గట్టిగా, నున్నగా అంటుకుని ఉన్న పచ్చదనం వల్ల ప్రమాదం లేదు. పొడిగా లేచేది మాత్రం రోగం, అది పక్కనున్న నాణేలకూ పాకవచ్చు. కొనేటప్పుడు మెత్తని దంతపుల్లతో సున్నితంగా తాకి చూస్తే తేడా తెలుస్తుంది.

ఇక నా సొంత పొరపాటు చెప్పక తప్పదు. ఉదయగిరి దగ్గర పల్లెలో మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో ఒక ఇత్తడి మరచెంబు అడుగున నాకు మొదటి ఇరవై కాసుల బిళ్ల దొరికింది. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. రాగి చెంబులను తోమినట్టే దానిని చింతపండు, ఉప్పు వేసి తోమి, తళతళలాడించి, గొప్ప పని చేశాననుకుని అందరికీ చూపించాను. దాదాపు నూట డెబ్బై ఏళ్లుగా రాగి తనంతట తాను కప్పుకున్న పొరను పావుగంటలో ఊడ్చేశానని పదేళ్ల తర్వాత ఒక పెద్దాయన చెప్పేదాకా నాకు తెలియదు. ఆ పొర పోయిన నాణెం ఎంత మెరిసినా, తెలిసినవారు చూసిన మరుక్షణం పక్కన పెడతారు. చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఇత్తడి సామానుకు వాడే పాలిష్, ఇవేవీ నాణేల దగ్గరికి రానివ్వకండి. మట్టి అంటి ఉంటే మంచినీటిలో నానబెట్టి, మెత్తని నూలు గుడ్డతో అద్ది, నీడలో ఆరనివ్వడం వరకే మన హద్దు.

మద్రాసు వెండి: తెలుగు అక్షరాల కోసం

తెలుగు చదివే సేకర్తకు సోహో కాసులలో ఒక లోటు కనిపిస్తుంది. వాటి మీద పారశీకం, ఇంగ్లీషు, లాటిన్ ఉన్నాయి గాని తెలుగు లేదు. ఆ లోటు తీర్చేది 1807 నుంచి మద్రాసు టంకశాలలో కొత్త యంత్రాల మీద కొట్టిన వెండి నాణేలు. అర వరహా, పావు వరహా నాణేల మీద ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి ఉంటాయి. విలువను తెలుగులోనూ తమిళంలోనూ రాశారు. అయిదు రూకలు, రెండు రూకల చిన్న వెండి బిళ్లల మీద కూడా తెలుగు అక్షరాలు ఉన్నాయి. అర వరహాలలో కొన్నింటిని స్పెయిన్ వారి వెండి డాలర్ల మీదనే తిరిగి కొట్టారు కాబట్టి, జాగ్రత్తగా చూస్తే అడుగునున్న పాత బొమ్మ ఛాయలు కొన్నింటి మీద కనిపిస్తాయి. 1818లో రూపాయి ప్రమాణం కావడంతో వరహాల కాలం ముగిసింది. ఆ మద్రాసు టంకశాల కూడా 1869లో మూతపడింది. చెన్నైలోని మింట్ స్ట్రీట్ అన్న వీధి పేరులో అది మిగిలింది.

యంత్రపు పనితనంలో మద్రాసు నాణేలు సోహో కాసులకు సాటిరావు. ఒత్తుడు అసమంగా ఉంటుంది, కేంద్రం పక్కకు జరిగి ఉంటుంది, ఒక నాణేనికి మరొక నాణెం పోలదు. కాని అక్షరాలను చూస్తే ఆ లోపమంతా మరచిపోతాము. గుండ్రని తెలుగు లిపిని చెక్కడానికి పనివాడు పడిన కష్టం ఆ వంకరలలోనే తెలుస్తుంది. డబ్బు ఉన్నవారికి నేను తప్పక సిఫారసు చేసేది పావు వరహా. అంత వెచ్చించలేనివారు రెండు రూకల బిళ్ల చూసుకోవచ్చు. మొదటి నాణెంగా మాత్రం ఇవి వద్దు. వీటికి నకిలీలు ఎక్కువ, కన్ను ఇంకా పదునెక్కనివారు మోసపోతారు.

మద్రాసులో కొట్టిన ఆర్కాటు రూపాయల గురించి కూడా ఒక హెచ్చరిక ఉంది. కుంఫిణీ వారు మొగలు పాదుషా రెండవ ఆలంగీరు పేరుతో, హిజ్రీ 1172 అన్న సంవత్సరాన్ని మార్చకుండా దశాబ్దాల పాటు వాటిని కొడుతూనే ఉన్నారు. ఆ సంవత్సరం 1758-59కి సరిపోతుంది. అమ్మేవారు ఆ అంకె చూపి ఇన్నేళ్లనాటిదని చెబితే ఒప్పుకోకండి. అంచు మీద యంత్రపు గీతలు వరుసగా ఉంటే అది 1807 తర్వాతిదే.

రూపాయలు: లెక్క తేలిక, మోజు తక్కువ

1835 చట్టంతో కుంఫిణీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. 180 గ్రెయిన్ల బరువు, అంటే 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. దీనినే మనవాళ్లు తులం బరువుగా వాడుకున్నారు. 1829-30 ప్రాంతంలో తెరుచుకున్న కలకత్తా, బొంబాయి టంకశాలలకు యంత్రాలు పంపింది బౌల్టన్, వాట్ సంస్థే. కాబట్టి సోహో కాసు తర్వాత కలకత్తా రూపాయిని పక్కన పెడితే, ఒకే వంశంలోని తాతా మనవళ్లను చూసినట్టు ఉంటుంది.

రూపాయిల సుగుణం ఏమిటంటే, వాటి ధరకు లోహపు విలువ అనే నేల ఉంది. ధర దాని కిందికి పోదు. 1835 నుంచి 1939 దాకా ఉన్న రూపాయిలో శుద్ధ వెండి సుమారు 10.7 గ్రాములు, 1940 నుంచి 1945 దాకా ఉన్న రూపాయిలో వెండి సగమే కాబట్టి సుమారు 5.8 గ్రాములు, 1947 రూపాయి, పులి బొమ్మ ఉన్నది, నికెలు, అందులో వెండి లేదు. ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణిస్తే లోహపు విలువ వస్తుంది. అమ్మేవాడు చెప్పే ధర దానికంటే ఎంత ఎక్కువో, ఆ ఎక్కువ దేనికి ఇస్తున్నామో మీరు ఆలోచించుకోవాలి. విక్టోరియా, ఎడ్వర్డ్, అయిదవ జార్జి రూపాయలలో అరిగిన సాధారణ నాణేలకు లోహపు విలువ మీద పెద్దగా ఇవ్వనక్కరలేదు. అయిదవ జార్జి 1911 రూపాయి వేరే కథ. రాజుగారి హారంలోని ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని గోల రావడంతో దానిని వెనక్కి తీసుకున్నారు. 1912 నుంచి తొండం స్పష్టంగా చెక్కారు. ఆరవ జార్జి 1939 రూపాయి బాగా అరుదు, అందుకే దాని నకిలీలు బాగా ఎక్కువ.

టంకశాలను గుర్తుపట్టడానికి అయిదవ జార్జి రూపాయి వెనుక అడుగున ఉన్న తామరపువ్వు కింద చూడండి. చిన్న చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. యుద్ధకాలంలో లాహోరులో కొట్టిన 1944, 1945 నాణేల మీద ఎల్ అక్షరం ఉంటుంది. పిల్లలతో మొదలుపెట్టించాలనుకుంటే రూపాయి కూడా అక్కరలేదు; 1835 నాటి కుంఫిణీ కాణీ, అంటే పావు అణా, పాత సామాన్ల అంగళ్లలో నేటికీ తేలికగా దొరికే రాగి నాణెం. అది మద్రాసులోనూ కొట్టారు. 1943 నుంచి వచ్చిన చిల్లు కాణీ పిల్లలకు మరింత సరదా. మా వీధిలో ఒక ముసలాయన వాటిని తలుపు గొళ్లెపు మేకుల కింద వాషర్లుగా బిగించుకున్నాడు.

అయితే రూపాయలతోనే ఆగిపోయినవారు సేకర్తలు కారు, వెండి పొదుపు చేసుకునేవారు. అందులో తప్పేమీ లేదు గాని, ఆ పనికి కంసాలి అంగడి చాలు.

హైదరాబాదు, ఇంకొక దూరపు యంత్రం

నిజాము టంకశాలకు 1895లో ఐరోపా యంత్రాలు వచ్చాయి. 1903లో అది సైఫాబాదుకు మారింది. అక్కడి చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు తూగుతుంది, వెండి నూటికి దాదాపు ఎనభై రెండు పాళ్లు. చార్మినార్ ద్వారంలో ఉన్న అక్షరాన్ని బట్టి ఏ నిజాముదో చెప్పవచ్చు. అందమైన నాణెమే. అయితే నిజాము రూపాయి చెల్లుబడి నిజాము సీమలోనే కాబట్టి, నెల్లూరు వారికి అది చుట్టపు చూపు మాత్రమే. స్వాతంత్ర్యం తర్వాత అదే టంకశాల భారత ప్రభుత్వానిది అయింది. మీ జేబులోని చిల్లరలో సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రాకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఇంతకంటే మంచి దారి లేదు: ప్రతి సంవత్సరానికీ నాలుగు గుర్తులూ పూర్తి చేయడానికి ప్రయత్నించండి, కన్ను దానంతట అదే పదునెక్కుతుంది.

అమెరికాలో ఉన్న మేనల్లుళ్లు, కొడుకులు పండుగకు వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారని అడిగే ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీలో 1870 నుంచి 1893 దాకా, నడుమ కొన్నేళ్ల విరామంతో, నాణేలు కొట్టిన టంకశాల భవనం ఇప్పుడు మ్యూజియం. 1869లో ఫిలడెల్ఫియాలోని మోర్గన్ అండ్ ఓర్ సంస్థ తయారుచేసిన ఆరు టన్నుల ఒకటో నంబరు ప్రెస్సు అందులో ఉంది. దాని మీద వెండి జ్ఞాపికా బిళ్లలను ఇప్పటికీ కొడతారు. పాత యంత్రం కదలడం కళ్లారా చూసి, ఆ బిళ్లనే తెమ్మని చెప్పవచ్చు. కాని అది పతకం, నాణెం కాదు. ఎవరూ దానితో బేరం చేయలేదు. ఆ టంకశాల అసలు డాలర్లు, రెండు సీ అక్షరాల గుర్తు ఉన్నవి, మంచి ధర పలుకుతాయి, దొంగ నాణేలు కూడా అంతే విరివిగా తిరుగుతాయి. అటువంటివి ధ్రువీకరణ లేకుండా తెప్పించవద్దు.

మోసాలు, చట్టం

1818 అన్న సంవత్సరం, ఒక అణా అన్న మాట, మరోవైపు రామపట్టాభిషేకమో ఆంజనేయస్వామో ఉన్న బిళ్ల మీ దగ్గరకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అది కుంఫిణీ వారి నాణెం కాదు. ఒక అణా విలువకు విడి నాణెం మన దేశంలో ఎడ్వర్డు కాలంలో, 1907 ప్రాంతంలో గాని వాడుకలోకి రాలేదు. 1818లో అటువంటిది ఉండే అవకాశమే లేదు. పూజలో పెట్టుకోదలిస్తే పెట్టుకోండి, రాగి బిళ్ల ధర ఇచ్చి కొనండి. దానికి బియ్యపు గింజలను లాగే శక్తి ఉందని, కోట్లు పలుకుతుందని చెప్పే రైస్ పుల్లింగ్ ముఠాల చేతిలో ఆస్తులు పోగొట్టుకున్నవారి వార్తలు మన జిల్లాల పత్రికలలో ఎన్నిసార్లు చదవలేదు? రిజర్వు బ్యాంకు పేరు చెప్పి, పాత నాణేలు కొంటాము, ముందు కమిషను కట్టండి అని ఫోనులో అడిగేవారి గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. పాత నాణేల కొనుగోలు, అమ్మకాలతో తమకు సంబంధం లేదని స్పష్టం చేసింది.

అసలు నాణెమా కాదా అని ఇంట్లోనే చూడదగిన పరీక్షలు మూడు ఉన్నాయి. బరువు మొదటిది: కంసాలి త్రాసు మీద ఇరవై కాసుల బిళ్ల అరుగుదల వల్ల కొంత తగ్గవచ్చు గాని 9.3 గ్రాముల కంటే బాగా ఎక్కువ తూగకూడదు. రెండోది అయస్కాంతం: వెండిగానీ రాగిగానీ దానికి అంటుకోవు. మూడోది అంచు: పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీతో, ఉపరితలం మీద సూదిమొన గుంటలో ఉంటాయి, యంత్రం ఒత్తిన నాణెంలో అవి ఉండవు. ఈ మూడూ దాటిన నకిలీలు కూడా ఉన్నాయి. అందుకే పెద్ద మొత్తం పెట్టే ముందు అసలైన వాటిని కంటితో చూసి రావడం మంచిది. నెల్లూరు నుంచి పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉండవచ్చు. దాని నాణేల సేకరణ దక్షిణాదిలో పేరెన్నిక గన్నది.

పొలంలోనో, పాత గోడలోనో దొరికిన నాణేలను కొనడం మాత్రం వద్దు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణేలను సొంతంగా దేశం బయటికి పంపడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం అనుమతించదు. విదేశంలో ఉన్న బిడ్డలకు కానుకగా ఇవ్వబోయేవారు ఇది గుర్తుంచుకోవాలి. నెల్లూరుకు ఈ విషయంలో ఒక పాత గాయమే ఉంది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు గుట్ట పక్కన దున్నుతుండగా నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలపు నాణేలు, కొన్ని టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు ఉన్నాయట. ఆ రైతు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు. చాలా భాగం మూసలో కరిగిపోగా, ముప్ఫైకి పైగా మాత్రం నవాబు కొడుకు చేతికి చేరి మిగిలాయి.

నేనైతే ఇలా కొంటాను

మొదటి ఏడాది డబ్బు పెట్టకుండా చిల్లరలోని నాలుగు టంకశాలల గుర్తులు పోగుచేసి, ఒక 1835 కాణీ, ఒక అయిదవ జార్జి రూపాయి మాత్రమే కొంటాను. రెండో ఏడాది అరిగిన 1803 ఇరవై కాసుల బిళ్ల, వీలైతే దాని పక్కన పోలిక కోసం ఓడ నుంచి తీసిన 1808 బిళ్ల. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే యంత్రం ఇచ్చింది ఎంతో, మన సంతలు తీసుకున్నది ఎంతో తెలుస్తుంది. పూర్వపు ప్రకాశం జిల్లా ఉత్తర భాగం వారు, అంటే చీరాల వైపు వారు, 1803 కాసుకు బదులు 1794 డబ్బుతో మొదలుపెట్టినా సబబే. ఆ సీమలకు దగ్గరిది అదే. మద్రాసు పావు వరహాకు మూడో ఏడాది వరకు ఆగుతాను. రెండు ఆశలు ఒకేసారి పెట్టుకుని, అరకొర డబ్బుతో అరకొర నాణేలు నాలుగు కొనడం కంటే, మంచి నాణెం ఒకటి కొనడం మేలు.

భద్రపరచడానికి మెత్తని ప్లాస్టిక్ సంచులు పనికిరావు. వాటి నుంచి ఊరే జిడ్డు ఏళ్ల తరబడి అంటితే రాగి పచ్చబడుతుంది. మందపాటి కాగితపు కవర్లు, వాటిని పెట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా గుళికల పొట్లం చాలు. వానాకాలం తర్వాత ఆ పొట్లం మార్చాలి. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి, వేలిముద్ర ముఖం మీద పడకూడదు. ప్రతి కవరు మీద సంవత్సరం, విలువ, తూకం, ఎక్కడ ఎవరి దగ్గర కొన్నదీ, ఎంతకు కొన్నదీ పెన్సిలుతో రాయండి. ఇది లేకపోతే మీ తర్వాత ఆ డబ్బా తెరిచినవారికి అది పాత రాగి ముక్కల కుప్పే. నా దగ్గర మొదటి కవరు మీద ఉన్నది ఇది: 1803, ఇరవై కాసులు, 8.9 గ్రాములు, ఉదయగిరి, అమ్మమ్మ మరచెంబు, కొన్నది కాదు, చింతపండుతో తోమినది.